వైద్య డిగ్రీ విద్యార్థులకు పరీక్షలు తయారుచేయించే బాధ్యత మీదైతే: తరచుగా అడిగే ప్రశ్నలు

వైద్య డిగ్రీ చదువులో పరీక్షల బాధ్యత కొత్తగా చేతికొచ్చిన అధ్యాపకుల కోసం ఈ పేజీ. ప్రశ్నలు రాయించడం, ఓస్కీ (విద్యార్థి ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని చేసి చూపే ప్రాక్టికల్ పరీక్ష) నడపడం, కటాఫ్ నిర్ణయించడం, ఫలితాల తర్వాత వచ్చే ఫిర్యాదులు: ఎక్కువగా ఎదురయ్యే సందేహాలు ఇక్కడ ఉన్నాయి. ఎక్కడ తప్పులు ఎక్కువ జరుగుతాయో అక్కడ వివరంగా చెప్పాం, మిగతా చోట్ల క్లుప్తంగా వదిలేశాం.

పరీక్షల లీడ్ అంటే ఏం చేయాలి? ప్రశ్నలన్నీ నేనే రాయాలా?

రాయకపోవడమే మంచిది. సొంతంగా రాసిన ప్రశ్నలో లోపం మన కంటికి ఆనదు. పైగా ఒకరే రాస్తే పేపరంతా ఒకే స్పెషాలిటీ వైపు ఒరిగిపోతుంది. మీ అసలు పని ఒక నిర్ణయాన్ని నిలబెట్టడం: ఈ విద్యార్థి ముందుకు వెళ్లవచ్చు, ఈ విద్యార్థి ఇంకా ఆగాలి. "ఎందుకు?" అని ఎవరు అడిగినా కాగితం మీద జవాబు ఉండాలి. ఈ అంశాలే ఎందుకు అడిగారు, ఇన్ని ప్రశ్నలే ఎందుకు పెట్టారు, కటాఫ్ ఎలా వచ్చింది, ఫలానా ప్రశ్నను ఎందుకు తీసేశారు అన్నవన్నీ అందులో దొరకాలి.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటాం. వైద్య విద్యార్థి విషయంలో ఆ మాట చెల్లదు. ఛాతీ నొప్పి కేసును చక్కగా చూసిన విద్యార్థే కడుపు నొప్పి కేసు దగ్గర తడబడటం మామూలే. దీన్ని కేస్ స్పెసిఫిసిటీ అంటారు. వైద్యులు ఎలా ఆలోచిస్తారన్న దానిపై ఎల్‌స్టీన్ బృందం 1978లో ప్రచురించిన పరిశోధనలోనే ఇది స్పష్టంగా బయటపడింది. పరీక్ష అంటే కుండలోంచి మెతుకులు తీసి చూడటమే. ఎన్ని తీశాం, ఏయే మూలల నుంచి తీశాం అన్నదాని మీదే తీర్పు నిలబడుతుంది. కింద చెప్పేవాటిలో సగానికి పైగా ఈ ఒక్క విషయం నుంచే పుట్టాయి.

ఎంత ముందుగా మొదలుపెట్టాలి?

ఫైనల్ పరీక్షకైతే ఏడాది ముందు. పరీక్ష నుంచి వెనక్కి లెక్కిస్తే, పన్నెండో నెలలో బ్లూప్రింట్ (ఏ అంశం నుంచి ఎన్ని ప్రశ్నలో చెప్పే పట్టిక) ఆమోదం, తొమ్మిదో నెలకల్లా ప్రశ్నల పంపకం, ఆరో నెలలో రివ్యూ సమావేశాలు, మూడో నెలలో కటాఫ్ ప్యానెల్, చివరి నెలలో ప్రూఫ్, ప్రింటింగ్ లేదా కంప్యూటర్‌లోకి ఎక్కించడం. పరీక్ష అయ్యాక ప్రశ్నల విశ్లేషణకు కనీసం ఒక వారం, ఆ తర్వాతే ఫలితాలు ఖరారు చేసే ఎగ్జామ్ బోర్డు. ఫలితాల తేదీ ముందే ప్రకటించి ఈ వారాన్ని మింగేయడం చాలాచోట్ల జరిగే పొరపాటు. తప్పు కీ (సరైన జవాబుల పట్టిక)తో మార్కులు విడుదలై, తర్వాత సవరించుకోవాల్సి రావడం ఎక్కువగా దీనివల్లే. బోర్డు తేదీ ఖరారు చేసేటప్పుడే విశ్లేషణ వారాన్ని పట్టుబట్టి రాయించుకోండి.

బ్లూప్రింట్ ఎలా తయారుచేయాలి?

ముందు రెండు అక్షాలు గీయండి. నిలువున శరీర వ్యవస్థలు లేదా రోగి వచ్చే సమస్యలు. అడ్డంగా విద్యార్థి చేయాల్సిన పని: రోగ నిర్ధారణ, రోగికి చేయించాల్సిన టెస్టులు ఎంచుకోవడం, చికిత్స, వ్యాధి వెనుక ఉన్న మూలశాస్త్రం. ఎథిక్స్, రోగి భద్రత, ప్రజారోగ్యం లాంటివాటికి విడి వరుసలు ఇవ్వకపోతే చివరికి వాటికి ప్రశ్నలే మిగలవు.

ఇక ఒక్కో గడిలో ఎన్ని ప్రశ్నలు? "కార్డియాలజీ వాళ్లు 30 కావాలన్నారు, డెర్మటాలజీ వాళ్లు ఎవరూ రాలేదు" అన్న లెక్కన పంచకూడదు. ప్రతి అంశానికీ రెండు అంకెలు వేయించండి. కొత్తగా డిగ్రీ పూర్తిచేసిన వైద్యుడికి అది ఎంత తరచుగా ఎదురవుతుంది (1 నుంచి 3), గుర్తించకపోతే రోగికి ఎంత హాని (1 నుంచి 3). రెండూ గుణిస్తే ఆ అంశం బరువు. అక్యూట్ కరోనరీ సిండ్రోమ్‌కు 3×3=9 వస్తే, ఇన్‌ఫెక్టివ్ ఎండోకార్డైటిస్‌కు 1×3=3 రావచ్చు. ఒక అంశం బరువును అన్ని అంశాల మొత్తం బరువుతో భాగించి, పేపర్‌లోని ప్రశ్నల సంఖ్యతో గుణించండి. కార్డియాలజీ వాటా 12 శాతం అని తేలితే 200 ప్రశ్నల్లో దానికి 24. వాటిలో నిర్ధారణకు 8, చికిత్సకు 7, టెస్టులకు 5, మూలశాస్త్రానికి 4 అని పంచుతారు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, ప్రశ్నలు చేతికొచ్చాక వాటికి తగ్గట్టు బ్లూప్రింట్‌ను దిద్దకండి. అలా చేస్తే అది ప్రణాళిక కాదు, వచ్చిన సరుకు జాబితా. ఖాళీ గడి ఉంటే ఆ గడికే ప్రశ్న రాయించండి. రెండు, రాత పరీక్షకూ ఓస్కీకీ కలిపి ఒకే బ్లూప్రింట్ ఉండాలి. రెండు కమిటీలు విడివిడిగా కూర్చుంటే ఆస్తమా మూడు చోట్ల కనిపిస్తుంది, మానసిక ఆరోగ్యం ఎక్కడా కనిపించదు.

ఏ విధానంతో ఏం పరీక్షించాలి?

జార్జ్ మిల్లర్ 1990లో చెప్పిన నాలుగు మెట్లు ఇప్పటికీ సరిపోతాయి: తెలుసు, ఎలాగో తెలుసు, చేసి చూపగలడు, నిజంగా చేస్తున్నాడు. మొదటి రెండు మెట్లకు ఎంసీక్యూలు, మూడోదానికి ఓస్కీ, నాలుగోదానికి వార్డులో పరిశీలన, మినీ-సీఈఎక్స్ (రోగితో విద్యార్థి పనిని కాసేపు చూసి రేటింగ్ ఇవ్వడం) లాంటివి. "కాన్యులా ఎలా పెడతారో రాయండి" అని పేపర్‌లో అడిగితే పెట్టడం వచ్చో రాదో తెలియదు. అలాగే మందు మోతాదు గుర్తుందా అని చూడటానికి ఓస్కీ స్టేషన్ ఖర్చుపెట్టడం శుద్ధ దండుగ.

మంచి ఎంసీక్యూ లక్షణాలేమిటి?

ఒక చెడ్డ ప్రశ్న చూద్దాం: "హైపర్‌థైరాయిడిజం గురించి కింది వాటిలో ఏది నిజం కాదు?" ఇందులో ఐదు ఆప్షన్లు ఐదు వేర్వేరు విషయాల గురించి ఉంటాయి. విద్యార్థి ఐదు చిన్న ఒప్పు-తప్పు ప్రశ్నలు చేస్తున్నాడు, పైగా "కాదు" అన్న పదం చూడకపోతే వచ్చిన విషయమే తప్పవుతుంది.

అదే అంశాన్ని ఇలా అడగవచ్చు. "28 ఏళ్ల మహిళ. మూడు నెలలుగా గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం. ఉబ్బసం లేదు, గర్భవతి కాదు. నాడి నిమిషానికి 112, క్రమంగా ఉంది. థైరాయిడ్ గ్రంథి అంతటా సమానంగా ఉబ్బింది. టీఎస్‌హెచ్ బాగా తక్కువ, ఫ్రీ టీ4 ఎక్కువ. ఆమె దడను, వణుకును అన్నిటికంటే త్వరగా తగ్గించే మందు ఏది?" ఆప్షన్లు: కార్బిమజోల్, డిగాక్సిన్, ప్రెడ్నిసొలోన్, ప్రొప్రనోలాల్, లెవోథైరాక్సిన్.

ఇక్కడ "అన్నిటికంటే త్వరగా" అన్న మాటే ప్రశ్నకు ప్రాణం; జవాబు ప్రొప్రనోలాల్. అది లేకపోతే కార్బిమజోల్ కూడా సరైనదే అని వాదించవచ్చు. కార్బిమజోల్ హార్మోన్ తయారీని ఆపుతుంది గానీ, లక్షణాలు తగ్గడానికి వారాలు పడుతుంది. "ఉబ్బసం లేదు" అన్న మాట కూడా అలంకారం కాదు. అది లేకపోతే, ఉబ్బసం ఉన్నవారికి ఆ మందు ప్రమాదమని తెలిసిన తెలివైన విద్యార్థి ప్రొప్రనోలాల్‌ను కొట్టేస్తాడు. ఆప్షన్లకు ముందున్న భాగం (స్టెమ్)లో ప్రతి మాటకూ ఇలా ఒక కారణం ఉండాలి.

పరీక్షించే పద్ధతి సులువు. ఆప్షన్లు చేత్తో మూసి ప్రశ్న చదవండి. జవాబు మీకే తట్టిందంటే ప్రశ్న బాగుంది. ఆప్షన్లు చూస్తే తప్ప ఏం అడుగుతున్నారో తెలియకపోతే వెనక్కి పంపండి.

విషయం తెలియకుండానే జవాబు పట్టిచ్చే గుర్తులు కొన్ని ఉంటాయి. సరైన ఆప్షన్ మిగతావాటి కంటే పొడుగ్గా, వివరంగా ఉండటం అన్నిటికంటే ఎక్కువగా కనబడేది. "ఎప్పుడూ", "ఎన్నడూ" లాంటి పదాలున్న ఆప్షన్లు దాదాపు ఎప్పుడూ తప్పే అని విద్యార్థులకు తెలుసు. స్టెమ్‌లో వాడిన పదమే ఒక ఆప్షన్‌లో మళ్లీ రావడం, "పైవన్నీ" అన్న ఆప్షన్, నాలుగు మందుల మధ్య ఒక శస్త్రచికిత్స ఇరికించడం కూడా ఇలాంటివే. ఆప్షన్లన్నీ ఒకే జాతివి కావాలి, అక్షరక్రమంలోనో సంఖ్యల క్రమంలోనో పేర్చాలి.

ఐదు ఆప్షన్లు తప్పనిసరా?

కాదు. మూడు సరిపోతాయని, పాత అధ్యయనాలను కలిపి చూసిన రోడ్రిగెజ్ 2005 మెటా విశ్లేషణలో తేలింది. నాలుగో ఐదో ఆప్షన్‌ను చాలాసార్లు ఎవరూ ఎంచుకోరు. కనీసం 5 శాతం మంది కూడా ఎంచుకోని డిస్ట్రాక్టర్ (తప్పు ఆప్షన్) పని చేయనట్టే లెక్క. బలవంతంగా ఐదోది కల్పించే సమయంలో ఇంకో ప్రశ్న రాయవచ్చు. అయితే ఆప్షన్లు తగ్గితే గుడ్డిగా పెట్టినా తగిలే అవకాశం పెరుగుతుంది కాబట్టి కటాఫ్ ప్యానెల్‌కు ఆ సంగతి గుర్తుచేయాలి.

రివ్యూ సమావేశం ఎలా నడపాలి?

ఐదారుగురు చాలు: ఆ విషయం తెలిసిన ఇద్దరు, తెలియని ఒక వైద్యుడు, ఒక జనరల్ ప్రాక్టీస్ వైద్యుడు, భాష చూసే ఒకరు. రాసినవారి పేరు తీసేసి, కీ దాచేసి ప్రశ్నను తెర మీద పెట్టండి. ముందు అందరూ నోరెత్తకుండా జవాబు రాసుకోవాలి. నిపుణుల జవాబులే వేరువేరుగా వస్తే ఆ ప్రశ్నతో విద్యార్థిని కొలవలేం. గంటకు 15 నుంచి 20 ప్రశ్నల కంటే ఎక్కువ పెట్టుకుంటే చివరివాటిని ఎవరూ సరిగా చదవరు. సంఖ్య తగ్గుతుంది కాబట్టి అవసరమైన దానికి ఒకటిన్నర రెట్లు రాయించండి.

ప్రతి ప్రశ్నకూ బ్లూప్రింట్ గడి, రాసిన తేదీ, ఆధారపడిన మార్గదర్శకం, ఇంతకుముందు వాడిన సంవత్సరాలు, అప్పటి గణాంకాలు ప్రశ్నల నిధిలో నమోదు కావాలి. చికిత్సా మార్గదర్శకాలు మారినప్పుడు ఏ ప్రశ్నలు పాతబడ్డాయో వెతకడానికి వేరే దారి లేదు.

వ్యాసరూప ప్రశ్నలు ఉంచాలా?

తర్కాన్ని వరుసగా పేర్చడం, వాదన కట్టడం చూడాలంటే ఉంచండి. జ్ఞాపకం చూడటానికైతే వద్దు. ఒక గంటలో రెండు వ్యాసాలు, లేదా 45 ఎంసీక్యూలు: ఏది ఎక్కువ మూలలు తడుముతుందో చూడండి. ఉంచితే ఒక ఎగ్జామినర్ ఒకే ప్రశ్నను అందరి పేపర్లలోనూ దిద్దాలి. ఒకరి పేపరంతా ఒకరే దిద్దితే మొదటి జవాబు బాగున్న విద్యార్థికి మిగతావాటిలోనూ చేయి వదులవుతుంది.

ఓస్కీకి ఎన్ని స్టేషన్లు, ఎంత మంది మనుషులు కావాలి?

రోనాల్డ్ హార్డెన్ బృందం 1975లో ఓస్కీని పరిచయం చేసింది. పాత పద్ధతిలో విద్యార్థి అదృష్టం ఒకే రోగి, ఒకే ఎగ్జామినర్ మీద ఆధారపడేది. దాన్ని పలచబరచడానికే ఇన్ని స్టేషన్లు. కాబట్టి నాలుగైదు పొడుగాటి స్టేషన్లు పెడితే అసలు ప్రయోజనమే పోతుంది. ఫైనల్ పరీక్షకు 12 కంటే తగ్గవద్దు, వీలైతే 16 నుంచి 20.

120 మంది విద్యార్థులకు లెక్క వేద్దాం. 12 స్టేషన్లు, ఒక్కోటి 8 నిమిషాలు, గది మారి సూచనలు చదవడానికి 2 నిమిషాలు. ఒక విడతకు 120 నిమిషాలు, 12 మంది పూర్తవుతారు. ఒకే సర్క్యూట్ (12 స్టేషన్ల వరుస) అయితే 10 విడతలు, 20 గంటలు. మూడు సర్క్యూట్లు పక్కపక్కన నడిపితే ఒక విడతకు 36 మంది. మూడు విడతల్లో 108 మంది, మిగిలిన 12 మందికి నాలుగో విడత ఒక్క సర్క్యూట్ చాలు. పరీక్ష సమయం 8 గంటలు, విడతల మధ్య అరగంట చొప్పున విరామాలు కలిపి తొమ్మిదిన్నర. 36 మంది ఎగ్జామినర్లు, అదనంగా ముగ్గురు నలుగురు రిజర్వ్‌లో.

శిక్షణ పొందిన రోగి పాత్రధారులను చాలామంది లెక్కలో మరిచిపోతారు. 12లో ఆరు స్టేషన్లకు పాత్రధారులు కావాలంటే మూడు సర్క్యూట్లకు ఒకేసారి 18 మంది. నాలుగు విడతలూ నడిచే సర్క్యూట్‌లో ఒకే మనిషి అదే బాధను 48 సార్లు నటించాలి. మధ్యాహ్నానికి గొంతు, ఓపిక, కచ్చితత్వం మూడూ జారిపోతాయి, ఆ నష్టం చివరి విడత విద్యార్థులది. పాత్రకు ఇద్దరిని పెట్టి విడత విడతకూ మార్చండి. ఆ ఇద్దరికీ శిక్షణ ఒకే గదిలో, ఒకేసారి ఇవ్వండి. కడుపు నొక్కినప్పుడు ఎంత ముఖం చిట్లించాలో కూడా ఇద్దరూ ఒకేలా నేర్చుకోవాలి.

స్టేషన్ పని 8 నిమిషాల్లో అవుతుందా అన్నది రాసినవారి అంచనాకు వదలకండి. ఇటీవల డిగ్రీ పూర్తిచేసిన జూనియర్ డాక్టర్‌తో గడియారం పెట్టి చేయించండి. 7 నిమిషాల్లో పూర్తి కాకపోతే పని తగ్గించండి. పరీక్ష రోజు చెడిపోయేవి ఎక్కువగా చిన్నవే: ఆటోస్కోప్ బ్యాటరీ, చివరి గదికి వినపడని గంట, అయిపోయిన కాన్యులాలు, విద్యార్థి పేరు తప్పుగా ఎక్కిన మార్కుల షీటు. ప్రతి స్టేషన్‌కూ సామగ్రి జాబితా, విడతల సంఖ్యతో గుణించిన పరిమాణాలు, బయట ఒక అదనపు పెట్టె ఉండాలి.

చెక్‌లిస్టా, గ్లోబల్ రేటింగా?

రెండూ. కాన్యులా పెట్టడం లాంటి చేతి నైపుణ్యాలకు చెక్‌లిస్ట్ బాగుంటుంది. కానీ 30 అంశాల చెక్‌లిస్ట్ ఇస్తే, రోగి ముఖం కూడా చూడకుండా ప్రశ్నలన్నీ గబగబా అడిగేసిన విద్యార్థికే మార్కులు పడతాయి. అనుభవం ఉన్న వైద్యుడు నాలుగు ప్రశ్నలతో అసలు విషయానికి వస్తాడు, చెక్‌లిస్ట్‌లో మాత్రం వెనకబడతాడు. చరిత్ర తీసుకోవడం, రోగితో మాట్లాడటం లాంటి స్టేషన్లలో నాలుగైదు విభాగాలకు స్కేలు పెట్టి, చివర మొత్తం మీద ఎలా చేశాడో చెప్పే ఒక గ్లోబల్ గ్రేడ్ వేయించండి: ఫెయిల్, బోర్డర్‌లైన్, పాస్, గుడ్, ఎక్సలెంట్. ఎగ్జామినర్ మార్కులు కూడకుండా, చూసినదాన్ని బట్టే ఈ గ్రేడ్ వేయాలి. కూడి వేస్తే కింద చెప్పే కటాఫ్ లెక్క మొత్తం అర్థం కోల్పోతుంది.

ఒక ఎగ్జామినర్ చేయి బిగింపు, ఇంకొకరు ఉదారం. ఏం చేయాలి?

ఈ తేడాను పూర్తిగా తీసేయలేం, పంచగలం. 12 స్టేషన్లకు 12 మంది వేర్వేరు ఎగ్జామినర్లు ఉంటే బిగింపూ ఉదారమూ చాలావరకు సరితూగుతాయి. అందుకే ఒక స్టేషన్‌లో ఇద్దరిని కూర్చోబెట్టడం కంటే ఆ రెండో మనిషితో ఇంకో స్టేషన్ తెరవడం మేలు. పరీక్ష ముందు ఒకే వీడియోను అందరి చేతా దిద్దించి, మార్కులు గోడ మీద పెట్టి చర్చించండి. ఎగ్జామినర్ సొంతంగా ప్రశ్నలు జోడించకూడదు, "ఇంకేమైనా?" అని ఒకరికి అడిగి ఇంకొకరికి మానకూడదు.

లాంగ్ కేస్, వైవా మానేయాలా?

వార్డులో నేర్పడానికి లాంగ్ కేస్ (ఒక రోగిని విద్యార్థి పూర్తిగా చూసి ఎగ్జామినర్‌కు వివరించడం) లాంటిది మరొకటి లేదు, అది పోకూడదు. కానీ ఒక్క లాంగ్ కేస్‌తో పాస్, ఫెయిల్ తేల్చడం ఒక్క మెతుకు లెక్కే. ఏడాది పొడవునా వేర్వేరు రోగులతో, వేర్వేరు పరిశీలకులతో ఎనిమిది పది సార్లు చూసి ఆ రికార్డులు కలిపితే గట్టి ఆధారం అవుతుంది. వైవా తప్పనిసరి అయితే ప్రశ్నలు, ఆశించే జవాబులు ముందే రాసి ఉండాలి.

ఉత్తీర్ణత మార్కు 50 శాతం అని పెట్టేస్తే సరిపోదా?

ఈ ఏడాది పేపరు కష్టమై, వచ్చే ఏడాది తేలికైతే అదే 50 రెండు వేర్వేరు ప్రమాణాలు అవుతుంది. కష్టాన్ని బట్టి కటాఫ్ కదలాలి, ప్రమాణం కదలకూడదు. రాత పరీక్షకు ఎక్కువగా వాడేది యాంగాఫ్ పద్ధతి.

ప్యానెల్‌లో 8 నుంచి 10 మంది ఉండాలి. మొదటి అరగంట ప్రశ్నలు తెరవకండి. "కనీస సామర్థ్యం ఉన్న, అంచు మీద నిలబడ్డ విద్యార్థి" ఎలా ఉంటాడు, ఏం తెలుసు, ఎక్కడ తడబడతాడు అన్నది మాట్లాడి బోర్డు మీద రాయండి. తర్వాత ప్రతి సభ్యుడూ ప్రశ్నను కీ చూడకుండా చేసి, అలాంటి 100 మందిలో ఎంత మంది సరిగ్గా రాస్తారో అంచనా వేయాలి. ఐదు ఆప్షన్ల ప్రశ్నకు 20 కంటే తక్కువ అంచనా సాధారణంగా అర్థం లేనిది, ఊహించి పెట్టినా అంత వస్తుంది. అంచనాల మధ్య పెద్ద తేడా ఉంటే చర్చించి రెండోసారి వేయిస్తారు. పాత గణాంకాలుంటే ఈ దశలో చూపండి. ప్రశ్నల సగటులన్నీ (60 మంది అంటే 0.6 చొప్పున) కూడితే కటాఫ్: 100 ప్రశ్నలకు మొత్తం 58.4 వస్తే అదే.

ఎక్కువగా జరిగే తప్పు ఏమిటంటే, సభ్యులు అంచు విద్యార్థిని మరిచి తమ వార్డులోని చురుకైన విద్యార్థిని ఊహించుకోవడం. కటాఫ్ పైకి ఎగబాకుతుంది. కీ ముందే చూపిస్తే ప్రతి ప్రశ్నా తేలికగా కనిపించి అదే జరుగుతుంది. ఇక సభ్యుల సంఖ్య: ఒక్కొక్కరి మొత్తాల మధ్య ప్రామాణిక విచలనం (సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) 4 అనుకుంటే, నలుగురి ప్యానెల్‌లో కటాఫ్ ప్రామాణిక దోషం 2 మార్కులు, పదిమందైతే సుమారు 1.3.

నియమావళిలో 50 అని రాసి ఉండి మార్చడం కుదరకపోతే, మార్కులను స్కేల్ చేయండి. 58.4ను 50గా, 100ను 100గా ఉంచి మధ్యలో సరళరేఖ గీస్తే 70 తెచ్చుకున్న విద్యార్థికి 63.9 వస్తుంది. కటాఫ్ కింద ఉన్నవారికి 50ని 58.4తో భాగించిన నిష్పత్తి. ఈ సూత్రం పరీక్షకు ముందే విద్యార్థులకు తెలియాలి.

ఓస్కీకి కటాఫ్ ఎలా?

బోర్డర్‌లైన్ రిగ్రెషన్. ఒక్కో స్టేషన్‌లో అందరి గ్లోబల్ గ్రేడ్‌లను (ఫెయిల్ 1, బోర్డర్‌లైన్ 2, అలా 5 వరకు) అడ్డంగా, మార్కులను నిలువుగా పెట్టి రేఖ గీస్తారు. రేఖ సమీకరణం 6 + 3.5 × గ్రేడ్ అని వస్తే, గ్రేడ్ 2 దగ్గర 13. 25 మార్కుల ఆ స్టేషన్‌కు కటాఫ్ 13. అన్ని స్టేషన్ల కటాఫ్‌ల మొత్తమే పరీక్ష కటాఫ్. గ్రేడ్‌కూ మార్కుకూ పొంతన లేకుండా చుక్కలు చెల్లాచెదురుగా ఉంటే తప్పు మార్కుల షీటులోనో శిక్షణలోనో ఉంది. ఆ స్టేషన్‌ను విడిగా చూడండి.

మొత్తం మార్కుతో పాటు కనీసం ఇన్ని స్టేషన్లు పాసవ్వాలన్న షరతు కూడా పెట్టండి. లేకపోతే మూడు స్టేషన్లలో అద్భుతంగా చేసి, అత్యవసర చికిత్స స్టేషన్లలో రోగిని ప్రమాదంలో పడేసిన విద్యార్థి కూడా గట్టెక్కుతాడు. అలాగని ఒక్క స్టేషన్ పోతే పరీక్షే పోయినట్టు అనకండి. ఒక్క స్టేషన్ మార్కు అంత నమ్మదగినది కాదు.

పరీక్ష నమ్మదగినదో కాదో ఎలా తెలుస్తుంది?

క్రాన్‌బాక్ ఆల్ఫా (మార్కులు ఎంత నిలకడగా ఉన్నాయో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.8 లేదా పైన ఉండాలి, ముఖ్యంగా ఫైనల్‌లో. కానీ ఆల్ఫా కంటే దాని నుంచి వచ్చే కొలత దోషం బోర్డు సభ్యులకు బాగా అర్థమవుతుంది. ప్రామాణిక విచలనం 9, ఆల్ఫా 0.84 అయితే దోషం 9 × √(1−0.84), అంటే 3.6 మార్కులు. 60 వచ్చిన విద్యార్థి అసలు సామర్థ్యం దాదాపు 53 నుంచి 67 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఇది చూశాక 57కూ 58కూ మధ్య గీత గురించి ఎవరూ అంత ధీమాగా మాట్లాడరు. చివరి ఏడాది పరీక్షలో రోగుల భద్రత కోసం కటాఫ్‌కు ఒక కొలత దోషం కలపడం కొన్ని సంస్థల్లో ఉంది. అలా చేయాలనుకుంటే ముందే నియమంగా రాసుకోండి, ఫలితాలు చూశాక కాదు.

ఆల్ఫా తక్కువగా వస్తే? ముందు ప్రశ్నల నాణ్యత, ఆ తర్వాత సంఖ్య. 60 ప్రశ్నలకు 0.70 వచ్చిందంటే, అదే నాణ్యతతో 120 పెడితే సుమారు 0.82 వస్తుందని స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రం చెబుతుంది.

ఫలితాల ముందు ఏయే ప్రశ్నలను తిరిగి చూడాలి?

ప్రశ్న మార్కుకూ మొత్తం మార్కుకూ మధ్య సహసంబంధం రుణాత్మకంగా ఉన్నవి మొదట. అంటే బాగా చదివినవారు తప్పు రాశారు, చదవనివారు ఒప్పు రాశారు. కీ తప్పు పడిందేమో చూడండి, చాలాసార్లు అదే. 0.2 పైన ఉంటే ప్రశ్న బాగా వేరుచేస్తున్నట్టు. 95 శాతం మంది ఒప్పు రాసిన ప్రశ్నలో సహసంబంధం తక్కువే వస్తుంది, దాన్ని లోపం అనుకోకండి. తప్పక తెలియాల్సిన విషయమైతే ఉంచాల్సిందే.

కీ తప్పైతే సరిచేసి మళ్లీ దిద్దాలి. రెండు ఆప్షన్లు సమర్థించదగినవైతే రెండిటికీ మార్కు ఇవ్వాలి. సరైన జవాబే లేకపోతే ప్రశ్నను అందరికీ తీసేయాలి, దాని యాంగాఫ్ విలువను కూడా కటాఫ్ నుంచి తీసేయాలి. ఈ రెండో సగం మరిచిపోతే విద్యార్థులకు తెలియకుండానే కటాఫ్ పెరిగిపోతుంది. గణాంకం ఒక్కటే చూసి ప్రశ్న తీయకూడదు. విషయ నిపుణుడు చదివి కారణం రాయాలి.

ప్రశ్నలు రాయడానికి ఏఐ వాడవచ్చా?

ముసాయిదాకు, డిస్ట్రాక్టర్ల ఆలోచనలకు పనికొస్తుంది. వైద్యపరంగా తప్పున్నా భాష నున్నగా ఉంటుంది కాబట్టి రివ్యూ మరింత గట్టిగా ఉండాలి. నిధిలోని ప్రశ్నలను మాత్రం బయటి చాట్‌బాట్‌లలో పెట్టకండి. అలా పెట్టిన ప్రశ్న బయటపడ్డట్టే లెక్కించి నిధి నుంచి తీసేయాలి.

సప్లిమెంటరీ పరీక్షలో తొమ్మిది మందే ఉన్నారు. కటాఫ్ ఎలా?

ప్రమాణం మొదటి పరీక్షదే, తగ్గించకూడదు. తొమ్మిది చుక్కలతో గీసిన రిగ్రెషన్ రేఖ ఒక్క విద్యార్థి అటో ఇటో కదిలితేనే మారిపోతుంది. కాబట్టి పెద్ద బ్యాచ్‌లో వాడి కటాఫ్ తేలిన స్టేషన్లనే ఎంచుకుని ఆ కటాఫ్‌లు వాడండి, లేదా యాంగాఫ్‌కు వెళ్లండి. స్టేషన్ల సంఖ్య మాత్రం మొదటి పరీక్ష కంటే తగ్గించకండి. వీళ్లంతా అంచు మీద ఉన్నవారే. కచ్చితమైన కొలత అందరికంటే వీళ్లకే ఎక్కువ అవసరం.

పరీక్ష మధ్యలో అంతరాయం వస్తే?

ఎవరు ఆపుతారో, ఎవరు మళ్లీ మొదలుపెడతారో ముందే ఒక్కరి పేరు రాసి ఉండాలి. రాత పరీక్షలో ఆగిన నిమిషం నమోదు చేసి, పోయిన సమయం పూర్తిగా తిరిగివ్వండి; అదనపు సమయం మంజూరైన విద్యార్థులకు అదే నిష్పత్తిలో. ఓస్కీలో ఆగిన స్టేషన్‌ను సగంలోంచి కొనసాగించవద్దు. 8 నిమిషాల్లో 3 కంటే తక్కువ గడిచి ఉంటే మొదటి నుంచి నడపండి. ఎక్కువ గడిచి ఉంటే ఆ రౌండ్‌ను ఆపి, ఆ విద్యార్థులకు అదే గడికి చెందిన రిజర్వ్ స్టేషన్‌ను విడత చివర ఇవ్వండి. అందుకోసం కటాఫ్ తేలిన రెండు మూడు స్టేషన్లు, వాటి సామగ్రి, మార్కుల షీట్లతో సహా ఒక గదిలో తాళం వేసి సిద్ధంగా ఉంచాలి.